సౌనాలో చెమటోడ్చిన తుపాకి

మా బావ రెయినో ఒల్లిలా దృష్టిలో ఈ లోకంలో చెడిపోయిన యంత్రమంటూ లేదు, చెడగొట్టిన మనిషే ఉంటాడు. మా జిల్లా స్కూలు బస్సుల షెడ్డులో ఆయన మెకానిక్కు, నేను డ్రైవరుని. బ్రేకులు కీచుమంటున్నాయని నేను వెళ్ళి చెబితే బస్సు కిందనుంచి తల కూడా బయటపెట్టకుండా, బండికేం కాలేదు, నీ కాలికి బుద్ధి చెప్పుకో అనేవాడు. జనవరి చలికి ఇంజిను బిగుసుకుపోయి కదలకపోతే, పొద్దున్నే దాన్ని తిట్టి ఉంటావు, అందుకే అలిగింది అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన షెడ్డులో ఉన్నంతకాలం నా బస్సు పిల్లలతో దారిలో ఆగిపోయింది లేదు.

మా అక్క హిల్యా ఈ మనిషిని ఎలా కట్టుకుందో అని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. అక్క మాట్లాడదు. అన్నీ వింటుంది, బల్ల తుడుస్తుంది, కాఫీ పోస్తుంది. మా ఇళ్ళు రోడ్డుకి అటూ ఇటూ ఉంటాయి. మా ఆయన ఉర్హో పోయాక నా పొద్దుటి కాఫీ వాళ్ళ బల్ల దగ్గరే. బావా నేనూ ఏదో ఒకదానికి కీచులాడుకుంటాం, అక్క మధ్యలో ఏలకుల రొట్టె పెడుతుంది, అంతటితో ఆ పూట గొడవ తీరిపోతుంది.

నవంబరులో జింకల వేటకు మావాళ్ళకి బురదనేల అవతల ఒక చెక్క గుడిసె ఉంది. ఆడవాళ్ళు రాకూడదని ఒకప్పుడు అక్కడ నియమం ఉండేది. ఉర్హో పోయిన ఏడాది నేను ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో మాంసం కూరిన వేడివేడి పేస్టీల పళ్ళెం పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పేస్టీల వాసనకి నియమం కాస్తా ఎగిరిపోయింది. ఇంకో నియమం మాత్రం ఎవరికోసమూ సడలదు. వేట మొదలయ్యే ముందు శనివారం కంకర గుంట దగ్గర మోడుకి ఒక రేకు పళ్ళెం మేకుతో కొడతారు. దూరంనుంచి మూడు తూటాలు కాల్చి రెండైనా దానికి తగిలించాలి. తగిలించలేనివాడు ఆ ఏడు వేటకి రాడు, గుడిసెలో ఉండి వంట చేస్తాడు, గిన్నెలు తోముతాడు. గాయపడ్డ జింక బురదలో పడి రోజంతా గిలగిల్లాడటం మనిషికి సిగ్గుచేటని ఆ నియమం పెట్టుకున్నారు.

ఒకసారి సులో రువోనా అనే మా పక్క పొలం ఆయన పళ్ళెం తప్పి, తుపాకి గురి చెడిందని గోల పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని బావ అందరి ముందూ కడిగేశాడు. పాపం, సులో ఆ ఏడంతా చిక్కుడు గింజలు ఉడకబెట్టాడు.

రిటైరైన ఏడు బావ తన వేట తుపాకిని కూతురికి ఇచ్చేశాడు. ఇంకోటి కొనుక్కోవాలి. ఆ సెప్టెంబరులోనే ఊళ్ళో సామాన్ల కొట్టువాడు పాత సైన్యపు రైఫిళ్ళు ఒక పెట్టెడు తెప్పించి, మంచు పారల పక్కన పీపాలో చీపుళ్ళలా నిలబెట్టాడు. నేను మేకులు కొనుక్కుని వచ్చేసరికి బావ ఇంకా ఆ పీపా దగ్గరే ఉన్నాడు. ఒక్కొక్కటీ పైకి తీసి, జేబురుమాలుతో జిడ్డు తుడిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూస్తున్నాడు. చివరికి ఒకదాని ఇనుము మీద చిన్న చదరంలో ఫిన్లాండ్ సైన్యం ముద్ర కనబడింది. మా అందరి పెద్దల్లాగే వాళ్ళ నాన్న హెర్మన్ కూడా చంటిపిల్లాడిగా తల్లి ఒళ్ళో ఓడ ఎక్కి ఆ దేశం నుంచి ఇక్కడికి వచ్చాడు. బావ ఆ దేశం మొహం ఎరగడు. అయినా ఆ ముద్ర మీద బొటనవేలు పెట్టి, "ఇది మనవాళ్ళది," అన్నాడు. ఎవరిదైతేనేం, ప్రస్తుతం గ్రీజుది అన్నాను నేను.

అక్క దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. బావ ఇంటి వెనక షెడ్డులో పాత పేపర్లు పరిచి పని మొదలుపెట్టాడు. తూటా ఎక్కించే బోల్టు తెరుచుకోకుండా మొరాయిస్తే చెక్క సుత్తితో కొట్టి తెరవాల్సి వచ్చింది. తూటా కూర్చునే చోట పాత గ్రీజు గట్టిపడి లక్కలా పట్టేసింది. దాన్ని గోకాడు, కరిగించాడు, మళ్ళీ గోకాడు. మర ఒకటి ఊడిపోయి ఉంటే సొంతంగా లేతు మీద పట్టి కొత్తది చేశాడు. గొట్టం ఇనుమునీ, దాన్ని మోసే కర్రనీ విడదీస్తున్నప్పుడు రెంటి మధ్యనుంచి గోరంత ఇత్తడి రేకు ముక్కలు ఊడిపడ్డాయి, నల్లగా, జిడ్డులో నాని. నేనక్కడే తలుపుకి ఆనుకుని ఉన్నాను. అవేంటని అడిగితే, ఎవడో సోమరి సైనికుడు కర్ర సరిగ్గా చెక్కడం చేతకాక కుక్కిన అతుకులు అన్నాడు. ఒడుపుగా కూర్చిన పనికి ఇలాంటి చెత్త అక్కర్లేదంటూ తుక్కు డబ్బాలోకి విసిరాడు. నేనూ తలూపాను, మెకానిక్కు ఆయనా నేనా?

మిగిలిన చిక్కల్లా కర్రతోనే. ఏళ్ళ తరబడి గ్రీజు తాగిన కర్ర అది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ జిడ్డు పైకొచ్చేది. మనిషి ఒంట్లో మలినం పోవడానికి సౌనా గదిలో ఆవిరి స్నానం ఉన్నప్పుడు కర్రకి మాత్రం వేరే వైద్యం ఎందుకని మా బావకి తోచింది. మావాళ్ళకి తప్ప ఇంకెవరికీ తోచని ఆలోచన అది. శనివారం సాయంత్రం బర్చ్ చెట్టు కట్టెలు దట్టించి పొయ్యి రాజేసి, తుపాకి కర్రని పై మెట్టు మీద పడుకోబెట్టి, తను కింది మెట్టు మీద కూర్చున్నాడు. పొయ్యి మీద కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసినప్పుడల్లా కర్ర గోధుమరంగు చెమట కక్కేది, ఈయన దాన్ని గుడ్డతో ఒత్తేవాడు. చూలాలికి పురుడు పోసినంత శ్రద్ధగా చేశాడు.

తర్వాత స్నానం వంతు ఆడవాళ్ళది. మెట్లు తుడిచేశానని ఆయన అన్నాడు, మేం నమ్మి వెళ్ళి కూర్చున్నాం. లేచేసరికి అక్క వెనకభాగానా నా వెనకభాగానా గోధుమరంగు చారలు. ఎంత రుద్దినా వదల్లేదు. మర్నాడు చర్చిలో మా ముందు వరసవాళ్ళు ఎవరి ట్రాక్టరు కారుతోందని ముక్కులు ఎగబీల్చారు. ప్రార్థన అయ్యాక నేను బావని అన్న మాటలు పాస్టరుగారు వినకపోవడం నా అదృష్టం. అక్క మాత్రం అరచేత్తో నోరు కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

అవిసె నూనె పట్టించాక తుపాకి చూడముచ్చటగా తయారైంది. అక్క దాన్ని ఇంట్లోకి రానిచ్చింది కూడా.

మొదటిసారి దాన్ని కాల్చడానికి బావ ఒక్కడే కంకర గుంటకి వెళ్ళాడు. తిరిగొచ్చి, తుపాకితోపాటు కొన్న పాత సైన్యపు తూటాల మందు ఇనుముని తినేస్తుందని కెటిలెడు మరిగే నీళ్ళు గొట్టంలో పోసి కడిగాడు. ఎలా కొడుతోందని అడిగాను. కొడుతోంది అన్నాడు, అంతే. ఆ తర్వాత తరచుగా వెళ్ళేవాడు. మా ఇంట్లోకి వినబడేది, ధామ్మని ఒక దెబ్బ, చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక దెబ్బ. రేకు మోగిన చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు. అంత దూరానికి వినబడదులే అనుకున్నాను.

అక్టోబరు ముదిరేకొద్దీ మనిషి మారిపోయాడు. చేతులు జేబుల్లోంచి తీసేవాడు కాదు. తన ట్రక్కుని వెనక బాటన కంకర గుంటదాకా తప్ప రోడ్డెక్కించేవాడు కాదు, ఊళ్ళోకి నన్ను దింపమనేవాడు. చలికాలం చేపల వేటకి మంచుని తొలిచే బర్మా ఒకటుంది ఆయనకి, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాన్ని తీసుకెళ్ళి సులోకి ఇచ్చేశాడు. నా బ్రేకుల గురించి నేనే కావాలని కదిపినా, చూద్దాంలే అన్నాడు. తప్పు నీదే అనని రెయినో నాకు కొత్త. నాకేమీ నచ్చలేదు.

వేట ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి అందరం చేరినప్పుడు ఈ ఏడు వంట తనే చేస్తానన్నాడు, పళ్ళెం కొట్టే పని పెట్టుకోడట. మా బావ ఉడకేసిన ఓట్స్ జావని కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోతుంది. అయితే ఈ ఏడు మమ్మల్ని ఎలుగుబంట్లు కాదు, నీ వంటే మింగేస్తుందని సులో అన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు, నేలకేసి చూస్తూ టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అక్కని అడిగాను. వయసు మీద పడుతోంది కదే అంటూ అటు తిరిగి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు. మర్నాడు పొద్దున్న దెబ్బ వినబడగానే కోటు తగిలించుకుని కంకర గుంటకి నడిచాను. నేల మీద పల్చగా మంచు పడి ఉంది. బావ ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చున్నాడు, తుపాకి ఒళ్ళో ఉంది. అవతల మోడు మీద రేకు పళ్ళెం సొట్ట కూడా పడకుండా తళతళలాడుతోంది. నేను దూరంనుంచే మొదలుపెట్టాను. బర్మా దానం చేసేశావేం, కాశీకి పోతున్నావా, మా అక్క ఏం పాపం చేసిందని మొహం అలా వేలాడేసుకుని తిరుగుతున్నావని. ఆయన అడ్డు చెప్పలేదు. తొడుగులు తీసి రెండు చేతులూ నా ముందు చాచాడు.

"చూడు," అన్నాడు.

చూశాను. చలికి ఎర్రబడ్డ చేతులు, గోళ్ళలో నలుపు. వణుకుతున్నాయంటే వణుకుతున్నాయి, లేదంటే లేదు.

"మా నాన్నకీ ఇక్కడే మొదలైంది సైమా," అన్నాడు.

హెర్మన్ మామయ్య చివరి రోజులు మేమంతా చూసినవాళ్ళమే. చెంచా నోటిదాకా వెళ్ళేది కాదు, బొత్తాం పట్టేది కాదు, ఆఖరికి మాట కూడా వణికి ముక్కలైపోయింది. గడ్డం గీయడం దగ్గర్నుంచి అన్నీ బావే చేశాడు, ఏళ్ళకేళ్ళు. మాకు తెలియనిదల్లా దాని మొదలు. ఎన్నడూ గురి తప్పని ఆ మనిషి ఒక శరత్కాలంలో ఇదే గుంటలో పళ్ళెం తప్పాడట. అందరూ నవ్వారట. ఆ ఏడు వంట చేశాడట. తర్వాతి ఏటికి చెంచా వణికింది. బావ ఇదంతా మోడు వైపే చూస్తూ చెప్పాడు. ఇన్ని రోజుల్లో తను కాల్చిన తూటాల్లో ఒక్కటీ అనుకున్న చోట పడలేదట, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఒకటి ఆకాశానికి.

డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని అడిగాను.

"ఎందుకూ, దానికో పేరు పెట్టించుకోడానికా? పేరు నాకు తెలుసు." తొడుగులు మళ్ళీ వేసుకుంటూ, "నాన్నకి నేను చేసినవన్నీ హిల్యా నాకు చెయ్యాలి. ఏమేం చెయ్యాలో దానికి తెలీదు. నాకు తెలుసు," అన్నాడు.

ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఇటివ్వు అని తుపాకి లాక్కున్నాను. నీ కళ్ళద్దాలు అరిగిపోయాయి, చేతులు కాదు, చూడు, దీంతో గుడ్డివాడైనా కొడతాడని అన్నాను. మా పుట్టింట్లో అక్క రొట్టెలు కాల్చేది, నేను తుపాకి కాల్చేదాన్ని. మా గుడిసెలో చేరాక నేను ఆ పళ్ళేన్ని తప్పిన ఏడు లేదు.

నేల మీద కూర్చుని, మోచేయి మోకాలికి ఆనించి, ఊపిరి వదిలి కాల్చాను. పళ్ళెం మోగలేదు. మోడుకి ఎడమగా బారెడు దూరాన ఇసుక ఎగిరింది. మళ్ళీ కాల్చాను. ఈసారి కుడివైపు పైన, గట్టు మీద. చెవులు వేడెక్కాయి. లేచి, కోటు విప్పి మడిచి ట్రక్కు ముందుభాగం మీద వేసి, తుపాకిని దానిమీద ఆనించి, మా అమ్మమ్మ కూడా తగిలించేంత తాపీగా మూడోది కాల్చాను. మోడు మొదట్లో మంచు ఎగిరింది. నా చేతులు నేనే చూసుకున్నాను. రక్తసంబంధం లేని జబ్బు నాకెలా అంటుకుందిరా దేవుడా అని నిజంగానే ఒక్క క్షణం భయం వేసింది.

నవ్వుతున్నాడేమో, నవ్వితే ఆ తుపాకితోనే నెత్తిమీద ఒకటి వేద్దామని వెనక్కి తిరిగాను. బావ కిందికి దిగి నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇంకోటి కొట్టు," అన్నాడు.

చచ్చినా కొట్టను, ఇప్పటికి పోయిన పరువు చాలన్నాను.

"నీ కాళ్ళు పట్టుకుంటాను సైమా. ఇంకొక్కటి."

కొట్టాను, తప్పింది. ఇంకోటన్నాడు. అదీ తప్పింది. నేను ఓడిపోతుంటే ఇంతగా వెలిగిపోయిన మొహం నా జన్మలో చూడలేదు. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. దగ్గరికొచ్చి నా కళ్ళలోకి చూశాడు.

"నిజం చెప్పు. నా మనసు కుదుటపడాలని కావాలని తప్పించి కొట్టావా?"

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. "నీ కోసం నేను గురి తప్పడమా? నువ్వు మంచం పట్టి, ఆఖరి కోరిక ఇదేనని ఏడ్చినా ఆ పని చెయ్యను. మనిషివా దున్నపోతువా? నా పరువంతా ఆ ఇసుకలో పోసి నిలబడితే, నాటకం అంటావా?"

ఇంకా చాలా అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, వర్షంలో నిలబడ్డవాడిలా ఆ తిట్లన్నీ ఒంటిమీద పడనిచ్చాడు. ఇన్నేళ్ళూ నా నోటిని భరించినవాడు కనక, అందులో నటన లేదని ఆయనకి తెలుసు. డాక్టరు మాట నమ్మి ఉండేవాడు కాదు, అక్క ఓదార్పూ నమ్మి ఉండేవాడు కాదు. నా కోపాన్ని నమ్మాడు.

అప్పుడు తుపాకి తీసుకున్నాడు. ఇన్ని రోజులూ దాన్ని ఒక్కసారైనా అనుమానించి చూడలేదు, తప్పు తనదే అనుకున్నాడు. గొట్టాన్ని అరచేత్తో నొక్కాడు. కర్ర లోపల ఇనుము చిన్నగా టక్కుమంది. ఇంకోవైపు నొక్కాడు, మళ్ళీ టక్కుమంది. బస్సు కిందనుంచి వినబడే గొంతు మళ్ళీ వచ్చేసింది మా బావకి.

"ఇంజిను కింద రబ్బర్లు పీకేసి బండి నడుపుతున్నాను," అన్నాడు. "ఆ ఇత్తడి రేకులు. అవి అతుకులు కావు. గొట్టం కదలకుండా ఎవడో పనివాడు కొలిచి పెట్టాడు. నేను తుక్కులో పడేశాను."

అంటూనే మంచులో చతికిలబడ్డాడు. తుపాకి ఒళ్ళో పెట్టుకుని బావురుమని ఏడ్చాడు, పిల్లలు తప్పిపోయి దొరికాక ఏడుస్తారే, అలా. నేనూ పక్కన కూర్చున్నాను. ముప్పైయేళ్ళు నా కాలిదే తప్పన్నావు కదా బావా అన్నాను. ముక్కు తుడుచుకుంటూ, "నీ కాలిదే. అది వేరు," అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

షెడ్డుకి వచ్చి తుక్కు డబ్బాని నేల మీద బోర్లించి, ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాం. ఒక ముక్క దొరకనేలేదు. పాత రేడియేటరు ఇత్తడి కత్తిరించి, అరగదీసి, కొలిచి, మళ్ళీ అరగదీసి దాన్ని చేశాడు. అన్నీ ఎక్కడివక్కడ పెట్టి మరలు బిగించాక గొట్టం నొక్కితే చప్పుడు లేదు. అక్క భోజనానికి పిలిచినా వినిపించుకోకుండా మళ్ళీ గుంటకి వెళ్ళాం. బావ కూర్చుని, చాలాసేపు ఊపిరి బిగబట్టి కాల్చాడు. పళ్ళెం ఠంగుమంది. ఇంకోటీ మోగింది, ఇంకోటీ. తుపాకి నా చేతికిచ్చాడు. నేనూ మోగించాను, లేకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు ట్రక్కు తాళాలు జేబులోంచి తీసి, జరుగు అని నన్ను పక్క సీటులోకి తోసి, రోడ్డు మీదుగా ఇంటికి తనే నడిపాడు.

వంటింట్లో అక్క పొయ్యి దగ్గర ఉంది. బావ బల్ల దగ్గర కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"హిల్యా, నీకో సంగతి చెప్పాలి. నీ దగ్గర దాచాను."

"చేతుల సంగతేగా," అంది అక్క, ఇటు తిరక్కుండానే.

అక్క కాఫీ కెటిలు తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. మామయ్యగారి జబ్బు మొదలైన తీరు ఈ ఇంట్లో నీకొక్కడికే తెలుసనుకున్నావా అంది. నువ్వు ఆ గుంటనుంచి మొదటిసారి తిరిగొచ్చినప్పుడే నాకు అర్థమైంది అంది. తుపాకి సంగతి, రేకుల సంగతి, నేను తప్పిన సంగతి, మేమిద్దరం ఒకరి మాటకి ఒకరం అడ్డొస్తూ చెప్పాం. పళ్ళెం మోగిందని బావ రెండుసార్లు చెప్పాడు. అక్క అంతా విని, నిలబడే ఉంది.

"అక్టోబరు నించీ నీకు సగం కప్పే పోస్తున్నాను," అంది. "నిండా పోస్తే తొణుకుతుంది. తొణికితే నీ కంట పడుతుంది."

రోజూ అదే బల్ల దగ్గర కూర్చునే నేను అది చూడలేదు. బావ కూడా చూడలేదు. ఆయన తన కప్పుకేసి చూసి, ఎప్పుడైనా తొణికిందా అని మెల్లిగా అడిగాడు.

"లేదు. అయినా నిండా పొయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు."

అని ఆ కప్పు అంచుదాకా, ఇంకొక్క చుక్క పట్టనంత నిండుగా పోసింది. బావ దాన్ని ఎత్తాడు. కప్పు పెదవులదాకా వెళ్ళింది, ఆయన తాగాడు, ఒక్క చుక్క కూడా బల్ల మీద పడలేదు. మా అక్క చేతిలో కెటిలు మూత మాత్రం గలగలమంటోంది. బావ కప్పు దించి, లేచి, ఆ కెటిలు ఆమె చేతిలోంచి తీసి పొయ్యి మీద పెట్టాడు.